వీరాస్వామి చిత్రికకి పిడి

మర్నాడు పొద్దున్నే కాలవకి నీళ్ళు వదులుతారని లాకు తలుపులు చూసే లస్కరు ముసలయ్య వచ్చి చెప్పేసరికి వీరాస్వామి మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు నెలలుగా మరమ్మతులకని కాలవ కట్టేసి ఉంది. లాకులకి దిగువన, ఎండిన కాలవలో, దిమ్మల మీద అతని పడవ నిలబెట్టి ఉంది. పుచ్చిపోయిన చెక్కలన్నీ విప్పి కొత్తవి వేసుకున్నాడు. ఒకే ఒక్క చెక్క మిగిలింది. దాని అంచు చిత్రిక పట్టి సాపు చేస్తే తప్ప పక్క చెక్కతో అతకదు. అతక్కపోతే సందులో గుగ్గిలం నిలవదు. గుగ్గిలం నిలవకపోతే రేపు వచ్చే నీళ్ళు పడవ కిందికి కాదు, పడవలోకే వస్తాయి. ఆ పడవొక్కటే అతనికున్న ఆధారం. ఇంతా చేస్తే అతని చిత్రిక నలభై రోజులుగా, ఒకప్పుడు ధవళేశ్వరం కార్ఖానాలో వడ్రంగం చేసిన తాతాజీ గారింట్లో ఉంది.

ఆ చిత్రిక వీరాస్వామి తండ్రిది. మా వైపు పడవ వడ్రంగుల చిత్రికలకి పైన ఒంపుల పిడి ఉండదు. చెక్క దిమ్మకి అడ్డంగా ఒక బెజ్జం, ఆ బెజ్జంలోంచి అటూ ఇటూ బయటికొచ్చే గుండ్రటి కర్ర, అంతే. రెండు చేతులా పట్టుకుని తోస్తారు. అడ్డపిడి అంటారు దాన్ని. ఆ కర్ర విరిగిన రోజున తాతాజీ గారు కాలవ గట్టు మీద పోతూ చూశారు. "అడ్డపిడి ఏంటోయ్ నీ మొహం, ధవళేశ్వరం పిడి వేసిస్తాను, దొరలు వాడే రకం" అని చిత్రిక చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత అడగడానికి వెళ్ళిన ప్రతిసారీ పిడి రాలేదు, కథ వచ్చింది.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను ఇక్కడి మిషన్ బడి పంతుల్ని. పేరు యెహెజ్కేలు. మా బడి బల్లకి ఒక కాలు విరిగి, ఆ కాలు బాగు చేయించడానికని తాతాజీ గారి దగ్గరికి వెళ్ళి ఏడాది దాటింది. పిల్లలు ఇప్పటికీ ఇటికలు పేర్చిన మూల వైపు బరువు వెయ్యకుండా కూర్చుని రాస్తున్నారు. కాబట్టి ఆయనింటి అరుగు మీద కూర్చోవడం నాకూ కొత్త కాదు.

ఆ మధ్యాహ్నం వీరాస్వామి వట్టి చేతులతో రాలేదు. సానరాయి, చేతిరంపం, ఉలి, సుత్తి గుడ్డలో మూటగట్టుకుని వచ్చి, అరుగు చివర తాతాజీ గారి వెనకగా ఉన్న రాట పక్కన కూర్చున్నాడు. ముసలయ్యా నేనూ అప్పటికే తాతాజీ గారి ఎదురుగా కూర్చుని ఉన్నాం.

"బాబాయి గారూ, పిడి లేకపోయినా పర్లేదండి. చిత్రిక ఇప్పించేయండి. రేపు నీళ్ళంటండి."

"ఇచ్చేయడానికి అదేమన్నా గిద్దెడు ఉప్పేంటోయ్, అడగ్గానే కొలిచి పొయ్యడానికి? సగం పనితో బయటికి పంపిస్తే ఎవరి పేరు పోతుంది? నీదా, నాదా?"

తాతాజీ గారి భార్య పాపాయమ్మ గారు మారుమాట లేకుండా లోపలికెళ్ళి చిత్రిక తెచ్చి వీరాస్వామి ముందు పెట్టారు. దాని నిండా ఎర్రటి నూనె మరకలు. ఆవ ఘాటు గుప్పుమంది.

"ఆవకాయ జాడీ మూత లేస్తోందని బరువు పెట్టానయ్యా" అన్నారావిడ. "ఆయనే పెట్టమన్నారు."

"పెట్టమన్నాను. ఎందుకు పెట్టమన్నాను, అది ఒక్కళ్ళడగరు" అన్నారు తాతాజీ గారు విసుగ్గా. "పాత చెక్క ఎండిపోయి గొంతు తడారి ఉంటుంది. దానికి నూనె తాగించాలి. ఊరికే పూస్తే తాగదు, వాసన చూపించి ఊరించాలి. నలభై రోజులు ఊరించాను. ఈ జిల్లాలో ఈ కిటుకు తెలిసినవాడు ఇంకొకడుంటే పిలుచుకు రండి, నా మీసం తీసేస్తాను."

"ఇనుముకి తుప్పు పట్టిందండి, ఉప్పుకి" అన్నాడు వీరాస్వామి, చిత్రికలో చెక్క కోసే ఇనుము ఊడదీసి వెలుతురుకి పెట్టి చూస్తూ.

"పట్టాలి. తుప్పు పడితేనే లోపలి ఉక్కు తేలుతుంది."

వీరాస్వామి చెంబులో నీళ్ళడిగి పుచ్చుకుని, సానరాయి మీద ఇనుము నూరడం మొదలెట్టాడు.

"మరి పిడి మాటేంటండి?" అన్నాడు ముసలయ్య. అతనికీ కంగారుగానే ఉంది. పైనుంచి కబురొచ్చాక లాకు తలుపులు ఎత్తక తప్పదు, ఎత్తేది అతని చేత్తోనే.

"కర్రేదోయ్? కర్ర లేందే పిడి ఎక్కణ్ణించి వస్తుంది? తుమ్మ వేస్తే పగులుతుంది, మామిడి వేస్తే నలుగుతుంది, టేకు వేస్తే చేతిలో జారుతుంది. నలభై రోజులుగా నేను ఊరికే కూర్చున్నాననుకుంటున్నారా, మనసులో ఒక్కొక్క చెట్టూ ఎక్కి దిగి వస్తున్నాను. మొత్తం మీద పిడికి పనికొచ్చే కర్ర ఊరంతటికీ ఒక్కటే ఉంది. ఇదిగో." చేతికర్ర ఎత్తి అరుగు మీద టంగుమని కొట్టారు. "చండ్ర చెట్టు చేవ. పాపికొండల్లో పుట్టింది. ఇంత మంచి పిడి కర్ర గోదావరికి ఈ గట్టున లేదు, ఆ గట్టునా లేదు. దీన్ని నేనివ్వను గదా. ఇక పిడి ఎలా వస్తుందో మీరే చెప్పండి."

తాతాజీ గారికి అరవై అయిదు దాటినా కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. భుజం దాకా వచ్చే ఆ కర్ర ఆయనకి నడవడానికి కాదు, కథలు చెప్పడానికి. అది చేతిలో ఉంటే కథ ఇంకా ఊపందుకోనట్టు. రెండు చేతులూ కావలసి వచ్చి దాన్ని పక్కన పెట్టారంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

"అసలు పిడంటే ఏంటో మీకు తెలిస్తే గదా" అని మొదలెట్టారు. "నేను ధవళేశ్వరం కార్ఖానాలో చేరినప్పుడు నాకు మీసం రాలేదు. ఆనకట్ట పని జోరుగా సాగుతోంది. ఒకరోజు పాత సామాను గుట్టలో ఒక దొరల చిత్రిక కనబడింది. తుప్పుతో ఇనుమూ చెక్కా ఒకటైపోయింది. మా మేస్త్రీ చూసి పొయ్యిలో పెట్టమన్నాడు. నేనన్నాను, మేస్త్రీ గారూ, దీని నాడి ఇంకా కొట్టుకుంటోందండి, నాకిచ్చెయ్యండని. ఇటిక పొడి, చింతపండు పెట్టి మూడు రోజులు తోమాను. ఆముదం పట్టించాను. సానరాయి మీద ఇనుము నూరాను. ఇంత మటుకు ఎవడైనా చేస్తాడు, నేను కాదన్ను. కానీ పిడి? ఆ పిడి చెక్కడానికి నేను మా దొర చెయ్యి కొలత తీసుకున్నాను. ఎలా తీసుకున్నానో తెలుసా? ఆయన షేక్ హ్యాండ్ ఇచ్చినప్పుడు."

"వడ్రంగి కుర్రాడికి దొర షేక్ హ్యాండ్ ఎందుకిచ్చాడండి?" అన్నాన్నేను.

"అది వేరే కథ పంతులుగారూ, మధ్యలో అడ్డు రాకండి. పిడి పెట్టి, ఒక టేకు దూలం మీద ఒక్క తోపు తోశాను. చెక్క పొట్టు లేచింది చూడండి, ఎంత పల్చన అంటే, మా దొర దాన్ని కాయితం మీద పరిచి కిందున్న ఉత్తరం చదువుకున్నాడు. అయ్యా, అది అక్కడితో తెగితే బావుండును. తెగలేదు. అరవై అడుగుల దూలం ఈ చివర నించి ఆ చివరికి ఒకే పొట్టు. గాలొచ్చి దాన్ని ఎత్తుకుపోయి గోదావరి అవతల విజ్జేశ్వరం గట్టున పడేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు అక్కణ్ణించి ఒక సాలె ఆయన పడవ కట్టించుకుని వచ్చాడు. ఆ పొట్టు మడత పెట్టి చంకలో పెట్టుకుని, బాబూ ఈ పంచె ఏ మగ్గం మీద నేశారండి, నూలు ఎన్నో నంబరండి అని అడుగుతున్నాడు. ఏం చెప్పను? చెక్కయ్యా అంటే నమ్మడు. ఈ లోకంలో పని చెయ్యడం కష్టం కాదు, చేసిన పని నమ్మించడం కష్టం. నా ప్రాణం విసిగిపోయిందనుకోండి."

లోపల్నించి పాపాయమ్మ గారి గొంతు వినబడింది. "క్రితం సారి అది పంచె కాదు, తలపాగా."

"ఉత్తరీయం కూడా అయ్యుండొచ్చు, నువ్వు చూశావా?" అని లోపలికి కసిరి, తాతాజీ గారు మా వైపు తిరిగారు. "ఆ గరగర ఏంటోయ్ వీరాస్వామీ? చెప్పేది చెవిన పడనియ్యవా?"

"అయిపోయిందండి. నూరడం అయిపోయింది. మీరు చెప్పండి."

"పిడి కుదిరితే ఏమవుతుందో చెప్తాను విను. అప్పుడైనా నన్ను తొందర పెట్టడం మానేస్తావు. పిడి సరిగ్గా కుదిరిన చిత్రికని మనం తొయ్యక్కర్లేదు. అదే పోతుంది. మనం పట్టుకుంటే చాలు. నా చేతిలోది అలాగే బయల్దేరింది. దూలం అయిపోయింది, పనిబల్ల ఎక్కింది. బల్ల సగం పల్చనైంది. పట్టుకో పట్టుకో అని మేస్త్రీ అరుస్తున్నాడు. పట్టుకునే ఉన్నానండీ, నేను వదిలితే గదా. అది నన్ను లాక్కుంటూ వాకిలి దాటింది, గడపంతా చెక్కేసింది, అందుకే ఆ వాకిలికి ఇప్పటికీ గడప ఉండదు. అక్కణ్ణించి ఆనకట్ట మీదికి ఎక్కింది."

"రాతి మీద చిత్రికేంటండి?" అన్నాడు ముసలయ్య.

"రాతి మీద పట్టలేదు, రాళ్ళు వరద కింద ఉన్నాయి. శ్రావణ మాసం. ఎర్రటి వరద. ఇదిగో, ఇంతింత అలలు." ఎంతెంతో చూపించడానికి తాతాజీ గారికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. కర్రని వెనక రాటకి ఆనించి, రెండు చేతులూ బార్లా చాపారు. "చిత్రిక నీళ్ళ మీదికి దిగింది. నేనూ దిగాను. మునగలేదా అని అడక్కండి, పిడి పట్టుకున్నవాడు మునగడు. అలల్ని సాపు చేసుకుంటూ పోయింది. నీళ్ళ పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి నా భుజాల మీంచి వెనక్కి పడుతోంది. గట్టు మీద ఆడవాళ్ళు వాటిని ఏరుకుని కుండల్లో వేసుకున్నారు, తీసుకెళ్ళి విప్పితే మళ్ళీ నీళ్ళు. ఇక పులసలు. వరదకి ఎదురొస్తున్నాయి పాపం, ఏం తెలుసు వాటికి. ఒక్క తోపుతో పొలుసంతా ఊడిపోయింది. ఆ ఏడు ధవళేశ్వరంలో పులస కడగడానికి కత్తిపీట ముందు కూర్చున్న ఇల్లాలు ఒక్కతె లేదు. అన్నీ తోమిన గిన్నెల్లా వచ్చి వల్లో పడ్డాయి."

నేను నుదురు పట్టుకున్నాను. ముసలయ్య ఆకాశం వంక చూసి పొద్దు ఎంతుందో లెక్క వేసుకుంటున్నాడు. చెట్ల మీదికి ఇంకా రెండు బారల పొద్దుంది. రాట వైపు చూస్తే ఆనించిన కర్ర అక్కడ లేదు. వీరాస్వామి మా అందరికీ వీపు పెట్టి, దేని మీదో కాలు నొక్కిపెట్టి కూర్చున్నాడు. అతను తల తిప్పి ఒక్కసారి నా వంక చూశాడు. నాకు మా బడి బల్ల గుర్తొచ్చింది. చూపు తిప్పేసుకున్నాను.

"వింటున్నారా పంతులుగారూ?"

"వింటున్నానండి. వరద దగ్గరున్నారు."

"ఆఁ, వరద. వరద మట్టం జానెడు తగ్గింది. మా దొర గట్టు మీద కొలబద్ద పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూసి, తాతాజీ, ఇక చాలు, కాలవలకి నీళ్ళు చాలవు అని కేక పెట్టాడు. ఏం చాలు? నా చేతిలో ఉంటే గదా ఆపడానికి. ఈ ఊళ్ళో ప్రతివాడికీ తొందరే గానీ, ఒక మంచి పిడి పెట్టాక దాన్ని ఆపడం ఎంత కష్టమో ఎవడైనా ఆలోచించాడా? అందుకే నేను పిడి పెట్టడానికి వెనకాడతాను. వీరాస్వామికి ఇవాళ పెట్టిచ్చాననుకో, రేపు అది వాణ్ణీ వాడి పడవనీ లాక్కుని సముద్రంలోకి పోతే వాళ్ళావిడకి ఎవరు సమాధానం చెప్పాలి? పైగా చూశారా, ఇప్పుడు ఎవడో రంపం కోస్తున్నాడు. నేను మాట్లాడుతుంటే రంపం ఏంటోయ్?"

"పక్కింట్లోనండి" అన్నారు పాపాయమ్మ గారు గుమ్మంలోకి వచ్చి. వీరాస్వామి చేతికి ఓ గుడ్డముక్క, ఆముదం గిన్నె అందించి మళ్ళీ లోపలికెళ్ళారు. ఆవిడ నవ్వాపుకోవడానికి పెదవులు బిగపట్టుకుని ఉన్నారు.

"మనుషులకి వేళాపాళా లేదు" అని తాతాజీ గారు గొంతు పెంచారు. "అలా గోదారి అంతా సాపు చేసుకుంటూ నరసాపురం దాటాను. రేవులో పంటు మీద దాటుతున్న జనం దిగి నీళ్ళ మీద నడిచి వెళ్ళారు, అంత నున్నగా ఉంది. మిట్టమధ్యాహ్నం. ఎండ మాడిపోతోంది. చిత్రిక ఒకసారి ఎగిరి ఎండ మీద పడింది. ఎండకి కూడా ఒక వరస తీసేసింది."

"ఎండకి చిత్రికా?" అన్నాడు ముసలయ్య.

"పట్టకూడదని రూలుందా? ఆ ఏడు ఉక్కపోత లేదని మీ నాన్నని అడుగు."

"మా నాన్న లేరండి."

"మరి నేనేం చెయ్యను. అక్కణ్ణించి సముద్రం. అంతర్వేది దగ్గర సముద్రంలోకి దిగాను. ఒక్క ఊపులో ఆ చివరికంటా పోయాను. ఆ చివరంటే తెలుసా? ఆకాశం వచ్చి నీళ్ళని తాకే చోటు. అక్కడ అతుకు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరు చేశారో గానీ పని తెలిసినవాడు చేసింది కాదు. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం, మధ్యలో వేలు దూరేంత సందు. ఏం పనండీ అది? నేను చూస్తూ ఊరుకోగలనా? మూడు తోపులు తోశాను. ఇప్పుడు వెళ్ళి సముద్రం ఒడ్డున నిలబడి చూడండి. ఆ గీత ఎలా ఉంటుంది? తాడు పట్టి కొట్టినట్టు ఉండదూ? అది తాతాజీ పనే. మరి నా పేరు ఎక్కడన్నా రాశారా? రాయలేదు. నేను అడిగానా? అడగలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని, బాబాయి గారూ, పిడి, పిడి అని నలభై రోజులుగా..."

టక్, టక్, టక్ మని మూడు సుత్తి దెబ్బలు పడ్డాయి. తర్వాత సర్రుమని ఒక్క చప్పుడు. అరుగు చివరనున్న మొరటు బల్ల మీంచి పల్చటి చెక్క పొట్టు ఒకటి లేచి, చుట్ట చుట్టుకుని తాతాజీ గారి కాళ్ళ దగ్గర పడింది.

ఆయన దాన్ని చూశారు. అదేంటో చూపించడానికి అలవాటుగా చెయ్యి వెనక్కి చాపి, మళ్ళీ రాటకి ఆనించి ఉన్న కర్ర అందుకుని లేచారు. భుజం దాకా రావలసింది రొమ్ము కిందికి వచ్చింది. ఇంకోసారి నేలకి తాటించి చూసుకున్నారు.

"నా కర్ర పొట్టిదైందేంటోయ్?"

"కర్ర అంతే ఉందండి" అన్నాడు ముసలయ్య. "ఆకాశం దాకా వెళ్ళొచ్చారు గదా, తవరే పెరిగుంటారు."

అప్పటికి వీరాస్వామి చిత్రిక భుజాన పెట్టుకుని అరుగు దిగాడు. అడ్డంగా బెజ్జంలోంచి అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు బయటికొచ్చి, ఎర్రగా, ఆముదంతో నిగనిగలాడుతూ చండ్ర పిడి. తాతాజీ గారి కళ్ళు దాని మీద పడ్డాయి. ఆయనకి కోపమొచ్చిన మాట నిజం గానీ, ఆ మొహం చూస్తే ఒక క్షణం నాకు జాలి వేసింది.

"అడ్డపిడి వేశావా? నా కర్రతో? ఎవరు చెప్పార్రా నీకు?"

"మీరేనండి బాబాయి గారూ. ఇంతసేపూ చాలా చెప్పారు. అందులో పనికొచ్చింది ఒక్క ముక్కేనండి. అదే తీసుకున్నాను."

ఇంకేం వినకుండా కాలవలోకి దిగిపోయాడు. కాసేపటికి దిగువ నించి సర్, సర్ మని చప్పుడు మొదలైంది. తాతాజీ గారు పొట్టి కర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని అది వింటూ కూర్చున్నారు.

పొద్దు కుంకేలోపు చెక్క కుదిరింది, గుగ్గిలం పడింది. మర్నాడు ముసలయ్య లాకు తలుపులు ఎత్తాడు. బురద నీళ్ళు నురగలు కక్కుతూ వచ్చి పడవని తాకాయి. వీరాస్వామి లోపల మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త చెక్క సందున అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. చెయ్యి పొడిగానే ఉంది. పడవ దిమ్మల మీంచి మెల్లిగా లేచింది. అతను ఆ చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

ఆ ఏటి మొదటి పడవ చూడ్డానికి గట్టు మీద జనం చేరారు. నిడదవోలు వెళ్ళాల్సిన నరసాపురం మనిషి ఒకాయన కూడా ఉన్నాడు. తాతాజీ గారు తన పొట్టి కర్రతో ఆయన్ని పట్టుకున్నారు.

"ఆ పడవ చూశారాండీ? అది తేలిందంటే నా వల్లే. దానికి చిత్రిక పట్టిన పిడి ఈ కర్ర ముక్కే. కావాలంటే కొలిచి చూసుకోండి, జానా బెత్తెడు తక్కువుంటుంది."

నరసాపురం ఆయన ఒకసారి కర్ర వంకా, ఒకసారి ఆయన వంకా చూశాడు.

"కొయ్యండి బాబూ కోతలు. వినడానికి మేమున్నాం గదా."

తాతాజీ గారి మొహం ఎర్రబడింది. చుట్టూ చూసి, నన్ను చూసి, గబగబా వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"పంతులుగారూ, మీరు అక్కడే ఉన్నారు. దేవుడి పుస్తకం చదివే మనిషి, అబద్ధం ఆడరు. ఇది నిజమో కాదో ఈయనకి మీరు చెప్పండి."

"చెప్తానండి" అన్నాను. "ముందు మా బడి బల్ల కాలు ఇచ్చెయ్యండి."